సింహం బొమ్మ రూపాయి

తన అవ్వ దొంగ రూపాయి ఇచ్చిందా, మంచి రూపాయి ఇచ్చిందా అన్న అనుమానం యోగానంద్‌ను ఆరో ఏట పట్టుకుంది. ఇరవై ఎనిమిదో ఏటికి కూడా వదల్లేదు. కొందరికి చిన్నప్పటి నుంచి ఆయాసం ఉంటుంది, అతనికి ఇది ఉంది.

సంగతి చిన్నదే. అప్పట్లో వాళ్లు ఆళ్లగడ్డలో ఉండేవాళ్లు. పక్కింటి కమలాక్షమ్మ మనవరాలికి నాలుగేళ్లు నిండినా మాట రాలేదు. కమలాక్షమ్మ అహోబిలం నరసింహస్వామికి మొక్కుకుంది. పసుపు గుడ్డలో ముడుపు కట్టి దేవుడి గూట్లో పెట్టడానికి పాత రూపాయి ఒకటి కావాల్సి వచ్చింది. యోగానంద్ అవ్వ రంగమ్మ తన తల్లి ఇచ్చిపోయిన రూపాయలు పిడికెడు తెచ్చి చాప మీద పోసి, నచ్చింది ఏరుకోమంది. కమలాక్షమ్మ ఏరుకుని, బదులు ఏమివ్వాలని అడిగింది.

"దుడ్లెందుకు మే. మొక్కు తీర్చిన పొద్దు స్వామి ప్రసాదం మొదలు నా చేతిలో పెట్టు. అదే నీ బాకీ" అంది రంగమ్మ.

మూడు నెలలకు పిల్లకు మాట వచ్చింది. తెల్లవారితే అహోబిలం ప్రయాణమనగా, గూట్లోంచి ముడుపు జారి బండల మీద పడింది. పట్టీల కొలత తీసుకోవడానికి వచ్చిన కంసాలి మద్దిలేటి ఆ సమయానికి అక్కడే వక్క నములుతున్నాడు. చప్పుడు విని, వెండి అయితే ఖణేల్‌మంటుంది, ఇది రేకు చప్పుడమ్మా అని తీర్పు చెప్పి, వీధిలోకి వచ్చి వక్క ఉమ్మి, తన దారిన పోయాడు.

మూడు మడతల గుడ్డలో బిగించి కట్టిన రూపాయి ఎట్లా మోగుతుందని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. అడగాల్సిన పెద్దవాళ్లకు కోపం వచ్చింది. కోపం రాని పిల్లకు అప్పుడప్పుడే మాటలు వస్తున్నాయి.

దొంగ రూపాయి దేవుడికి ఇవ్వకూడదు. కట్టిన ముడుపు మార్చకూడదు. గుడి చేరకుండా ముడి విప్పకూడదు. ఈ మూడు కట్టుబాట్ల మధ్య ఆ రూపాయి గూట్లోనే ఉండిపోయింది. రంగమ్మ వచ్చి ఒట్టు పెడితే సరిపోయేదేమో. కానీ తనను దొంగ అన్నవాళ్ల గడప తొక్కనని ఆమె అంది. ఆ ఏడాదే కొడుకు ఉద్యోగం మారి సంసారం నంద్యాలకు వచ్చేసింది. రెండిళ్ల మధ్య మాట పోయింది. ఒక ఇంట్లో ఒక పిల్లకు మాట వచ్చినందుకు జరిగిన నష్టం ఇదీ.

ఆ అనుమానమే యోగానంద్‌ను నాణేల పిచ్చివాణ్ణి చేసింది. వారమంతా విత్తనాల కంపెనీ ఆఫీసులో పనిచేసి, శనివారం సాయంత్రం సంజీవనగర్ గేటు దగ్గర యేసురత్నం టీ కొట్టు బల్ల మీద కూర్చునేవాడు. ముందు ఒక భూతద్దం, చిన్న త్రాసు, ఒక అయస్కాంతం. 'నాణెం నిజం' అని యూట్యూబ్ ఛానెల్ కూడా ఉంది. చూసేవాళ్లు రెండు వందల పన్నెండు మంది. అందులో నలభై మంది చుట్టాలు.

అతని దగ్గరికి వచ్చేవాళ్లకు నిజం అక్కర్లేదు, లక్షలు కావాలి. అమ్మవారి బొమ్మ ఉన్న ఐదు రూపాయల బిళ్లకు పది లక్షలిస్తారని ఫోనులో ఎవరో చెప్పారట. ట్రాక్టరు బొమ్మ నోటుకు ఐదు లక్షలట. కోయిలకుంట్ల నుంచి ఒకాయన సీతారాముల పట్టాభిషేకం అచ్చు వేసిన ఈస్టిండియా కంపెనీ వారి అణా తెచ్చాడు. ఇంగ్లీషు దొరలకు మన పట్టాభిషేకంతో ఏం పని, ఇది ఈమధ్య పోతపోసిన బిళ్ల అని యోగానంద్ చెబితే ఆయన నొచ్చుకున్నాడు. రాముడి బొమ్మను దొంగది అంటావా అన్నాడు. బొమ్మ రాముడిదే, బిళ్లే దొంగది అని యోగానంద్ ఎంత చెప్పినా, కళ్లకు అద్దుకుని, వేరే ఎక్స్‌పర్టును వెతుక్కుంటూ పోయాడు.

ఇంట్లో ఇంకో బాధ. పాత నాణేన్ని తోమకూడదు, దాని మీద ఏళ్ల తరబడి పట్టిన చాయే దానికి విలువ అని అతను వీడియోలో మొత్తుకుని చెప్పాడు. మట్టి ఉంటే మంచినీళ్లలో నానబెట్టి, మెత్తటి గుడ్డతో అద్ది వదిలేయాలన్నాడు. ఆ వీడియో పెట్టిన శుక్రవారమే రంగమ్మ అతని రాగి నాణేలన్నీ దేవుడి గిన్నెలతో కలిపి చింతపండుతో తోమేసింది. తళతళలాడుతున్న నాణేలను చూసి అతను తల పట్టుకుంటే, "మురికికి విలువ కట్టే చదువు ఏం చదువురా" అని గిన్నెలు బోర్లించింది.

జూలైలో ఒక శనివారం వాన పడుతుండగా టీ కొట్టు పట్ట కిందికి ఒక అమ్మాయి వచ్చింది. ఆమె తడిసినా చంకలోని కాగితాల చుట్ట తడవలేదు. చున్నీ మొత్తం దానికే కప్పింది. టీ తాగి పది రూపాయల బిళ్ల ఇచ్చింది.

"ఈడ చెల్లదు మ్మా" అన్నాడు యేసురత్నం.

"బ్యాంకోళ్లు చెల్తాదని చెప్పినారు కదన్నా."

"బ్యాంకోళ్లు ఈడికి టీ తాగేకి వస్తే తీసుకుంటా. నేను మార్కెట్లో ఇస్తే వాడు నా మొగాన కొడ్తాడు."

యోగానంద్ లేచాడు. ఇలాంటి సమయం కోసమే తన చదువంతా అన్నట్టు భూతద్దం తీసి, బిళ్లను అటూ ఇటూ తిప్పి, అంచు చూసి, త్రాసులో వేసి, అది అసలైనదేనని ప్రకటించాడు. పైన పది గీతలున్నా పదిహేను గీతలున్నా రెండూ చెల్లుతాయని కూడా కలిపాడు.

"నువ్వెవరప్పా?" అంది ఆ అమ్మాయి.

"న్యూమిస్మాటిస్టు."

"అంటే దేనికి మందిస్తావు?"

యేసురత్నం పాలగిన్నె వైపు తిరిగి నవ్వుకున్నాడు. తర్వాత, అసలైనదైతే నువ్వే పెట్టుకో అని బిళ్లను యోగానంద్ ముందు పడేశాడు. యోగానంద్ పది నోటు తీసిచ్చి, బిళ్లను తన బిస్కెట్ల డబ్బాలో వేసుకున్నాడు. డబ్బా నిండా పది రూపాయల బిళ్లలే. అమ్మాయి మెడ చాచి చూసింది.

"ఇవన్నీ ఇట్లే వచ్చినవా?"

"నూట నలభై మూడు. అన్నీ అసలైనవే."

"అసలైనవే. ఎవురికీ అక్కర్లేనివి" అంది. అతనికెందుకో ఆ మాట బిళ్లల గురించి మాత్రమే కాదనిపించింది.

ఆమె పేరు అనఘ. ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కే కార్ఖానాలో, శిల్పి ఉలి పెట్టే ముందు బొమ్మను కాగితం మీద గీసే పని. అంత పెద్ద కాగితాలకు ప్రింటు తీసే మిషను నంద్యాలలోనే ఉంది కాబట్టి శనివారం శనివారం వస్తుంది. వారానికి నాలుగు సింహాలు గీస్తానని, ద్వారానికి ఈ పక్కొకటి, ఆ పక్కొకటి పెట్టుకునేవాళ్లు జిల్లాలో ఎక్కువయ్యారని చెప్పింది. ఆమె మాట మొదలుపెడితే టీ చల్లారాల్సిందే.

మరుసటి శనివారం వాన లేదు. అయినా ఆమె పట్ట కిందే నిలబడింది. నాణెం నిజమైనదని ఎట్లా తెలుస్తుందని అడిగింది. చూడాలి, తూచాలి, మోగించాలి, అయస్కాంతం పెట్టాలి అన్నాడు.

"మనుషులకు గూడా అంతేనా?"

"మనుషుల్ని తోమగూడదు. మిగతాదంతా అంతే."

ఆమె చున్నీ కొనతో ముఖం తుడుచుకుంటున్నది కాస్తా ఆపేసి, అతన్ని తేరిపార చూసింది. ఆ చూపును అతను త్రాసులో వేసి తూచుకుంటూ వారమంతా గడిపాడు.

మూడో శనివారం, ఇంత మాట్లాడతావే, చిన్నప్పటి నుంచి ఇంతేనా అని వేళాకోళం చేశాడు.

"లేదు. నాలుగేండ్లు అసలు మాట్లాడల్యా. ఆ బాకీ ఇప్పుడు తీరుస్తాండా" అంది. అక్కడితో ఆగలేదు. తన అవ్వ కమలాక్షమ్మ స్వామికి ముడుపు కట్టిందని, కానీ ఎవరో రంగమ్మ అనే దొంగామె అందులోకి రేకు బిళ్ల అంటగట్టిందని, ఆ ముడుపు ఇరవై రెండేళ్లుగా గూట్లో కూర్చుని ఇల్లంతటినీ ఏలుతోందని చెప్పింది. మిద్దె కారినా ముడుపు వల్లే, బోరు ఎండినా ముడుపు వల్లే.

యోగానంద్ చల్లారిన టీని గుటకలో మింగాడు. ఏమీ చెప్పలేదు. ఆ తర్వాత రెండు శనివారాలు కూడా చెప్పలేదు. పదో తరగతిలో మార్కులు దాచినప్పుడు కూడా అతను ఇంత బాధపడలేదు. ఆరో శనివారం, ఆమె కాగితాల చుట్ట బల్ల మీద పెట్టీ పెట్టకముందే అనేశాడు.

"నువ్వు దొంగామె అంటివే, ఆ రంగమ్మ మా అవ్వ."

మాట వచ్చాక అనఘ అంతసేపు మాట్లాడకుండా ఉన్నది అదే మొదటిసారి. యేసురత్నం కూడా గ్లాసులు కడగడం ఆపాడు.

"మూడు వారాల్నుంచి నాతో టీ తాగుతా ఈ మాట దాచినావా?" అంది చివరికి.

"టీకి దుడ్లు నేనే ఇచ్చినా."

"అదీ ఆ పది రూపాయల బిళ్లలే. ఆయప్ప తిట్టుకుంటా తీసుకున్యాడు."

కోపం ఉంది గానీ, చుట్ట తీసుకుని లేచి పోలేదు. కాసేపటికి అసలు సంగతి చెప్పింది. ముడుపు తీరకుండా ఆ ఇంట్లో పెళ్లి మాట ఎత్తకూడదని అవ్వ పట్టు. వచ్చిన రెండు సంబంధాలూ అట్లాగే వెనక్కి పోయాయి. ఇన్నాళ్లూ అది హాయిగానే ఉండేది. ఈ ఆరు వారాల నుంచే హాయిగా లేదు.

ఆ చివరి మాట ఆమె కాగితాల చుట్టతో చెప్పింది. యోగానంద్ చెవులు వేడెక్కాయి.

"విప్పకుండా చూడచ్చా?" అని అడిగింది.

"చూడచ్చు. అయస్కాంతం గుడ్డ మీద నుంచి గూడా పనిచేస్తాది."

"దొంగదని తేలితే?"

ఆరో ఏట నుంచి అతను ఆ ప్రశ్న చుట్టూ తిరుగుతున్నాడు. ఎదుట ఎవరూ అట్లా అడగలేదు. దొంగదైతే తన అవ్వ దొంగ అవుతుంది. ఈ అమ్మాయి దక్కదు. మంచిదైతే రెండూ దక్కుతాయి. భూతద్దం పట్టుకున్న ఏ మనిషికీ ఒక బిళ్ల మీద ఇంత బరువు ఉండకూడదు.

"నువ్వు ఎవురి మనవడివో ఆడ చెప్పాకు. నంద్యాల కాయిన్ సార్ అని చెప్తా" అంది అనఘ.

ఆదివారం పొద్దున ఆళ్లగడ్డలో కమలాక్షమ్మ అతనికి మజ్జిగ ఇచ్చింది. అనఘ తండ్రి లక్ష్మీనరసింహం అహోబిలం గుడిలో వంట సేవ చేసే మనిషి, ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. మనవరాలు ముందే కాయిన్ సార్ వీడియోలన్నీ అవ్వకు చూపించింది, నమ్మకం కుదరాలని. కుదిరింది కూడా.

లక్ష్మీనరసింహం స్నానం చేసి, గూట్లోంచి ముడుపు తెచ్చి, ఇత్తడి పళ్లెంలో తమలపాకు మీద పెట్టాడు. పసుపు నల్లబడి గోధుమరంగుకు తిరిగింది. యోగానంద్ మనసులో స్వామికి దండం పెట్టుకుని, అయస్కాంతాన్ని పళ్లేనికి జానెడు దూరం నుంచి నెమ్మదిగా దించాడు.

ఇంకా రెండు వేళ్ల దూరం ఉండగానే ముడుపు కదిలింది. పళ్లెంలోంచి లేచి వచ్చి అయస్కాంతానికి టక్కున అంటుకుంది.

కమలాక్షమ్మ ముఖంలో ఇరవై రెండేళ్ల తర్వాత గెలిచిన కళ వచ్చింది.

"అంటుకుంటే దొంగ వెండి, తీసి పారేయండి అని ఫోన్లో చెప్పింది నువ్వే కదబ్బీ" అంది. "దేవుని గూట్లోది. యాడ పారేయమంటావో అదీ చెప్పిపో."

తన సలహా తనకే ఇంత చేదుగా ఉంటుందని యోగానంద్ ఎన్నడూ అనుకోలేదు. ఆమె రంగమ్మను తిట్టడం మొదలుపెట్టింది. పక్కింట్లో ఉంటూ, తన చేతి చారు తాగుతూ, దేవుడి పేరు చెప్పి రేకు ఇచ్చిందని. అతను కాసేపు విన్నాడు. ఆ తర్వాత వినలేకపోయాడు.

"అవ్వా, నేను ఆ రంగమ్మ మనవడ్నే. తిట్టేదేదో నన్ను తిట్టు. ఆమెకు మోకాళ్లనొప్పులు."

అనఘ కళ్లు మూసుకుంది. కమలాక్షమ్మ అతన్ని కిందినుంచి పైదాకా చూసింది.

"దొంగ బిళ్ల ఇచ్చిన ఇంటోడు తనంతట తాను వచ్చి, దొంగదని తేల్చి చెప్పినాడు. మెచ్చుకోవాల్సిందే. మజ్జిగ తాగినావు కదా, ఇంక పో."

లక్ష్మీనరసింహం మాత్రం పైపంచె సర్దుకుంటూ, ఎండ ఎక్కువగా ఉంది, బస్టాండుకు ఆటోలో పొమ్మన్నాడు. మంచివాళ్లు ఇలాంటప్పుడు చేయగలిగింది అంతే.

యోగానంద్ గడప దిగి ఒక చెప్పు తొడుక్కున్నాడు. వెనక నుంచి కమలాక్షమ్మ గొణుగుడు వినబడుతూనే ఉంది. "పిడికెడు బిళ్లలు పోసింది. అన్నిటిమీదా పూలు, తీగెలు. ఒక్కదాని మీదనే సింహం. స్వామే నాకోసం ఏరి పెట్టినాడనుకుంటి. సింహాన్ని సూసి మోసపోతి."

రెండో చెప్పు అక్కడే ఉండిపోయింది. అతను ఒంటి చెప్పుతోనే వెనక్కి తిరిగాడు.

"సింహమా? అవ్వా, ఒక పక్క రాజు తలకాయ, ఇంకో పక్క సింహమా?"

"ఆ."

"నిలబడిందా, కూర్చునిందా?"

"నడుస్తాంటాది. ఇప్పుడు అదెందుకు నీకు?"

చెప్పు విడిచి లోపలికి వచ్చి, ఎవరూ రమ్మనకుండానే కూర్చున్నాడు. ఇంగ్లీషు రాజుల కాలపు వెండి రూపాయి మీద జంతువు బొమ్మ ఉండదని చెప్పాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వెండి కరువై, పందొమ్మిది వందల నలభై ఏడులో రూపాయిని నికెల్‌తో కొట్టారు. నడిచే జంతువు బొమ్మ ఉన్నది ఆ ఒక్క రూపాయికే. నికెల్ అయస్కాంతానికి అంటుకుంటుంది. అంటుకోకపోతేనే అది దొంగది. సర్కారు ముద్రించిన నిఖార్సైన రూపాయి ఇది, వెండి మాత్రం కాదు.

"ఇదంతా నీకు ముందే తెల్సా?" అంది కమలాక్షమ్మ.

"పుస్తకంలో చదివినా. ఎప్పుడూ చేత్తో పట్టుకోల్యా. వీడియోలో చెప్పడం మర్సిపోయినా."

"ఇందాక దొంగదంటివి, ఇప్పుడు మంచిదంటివి. ఇంకో గ్లాసు మజ్జిగ తాగితే బంగారమంటావు. విప్పకుండా సూపీ, నమ్ముతా."

త్రాసు చెప్పదు, భూతద్దానికి గుడ్డ అడ్డం. అప్పుడు అనఘ లేచి లోపలికి పోయి, పల్చటి కాగితం, మెత్తటి పెన్సిలు తెచ్చింది. పాత శిల్పం మీది నగిషీని కార్ఖానాలో ఇట్లాగే ఎత్తుకుంటారు. ముడుపు మీద గుడ్డను మడత లేకుండా లాగి పట్టుకోమని యోగానంద్‌కు చెప్పింది. అతని వేళ్ల పక్కనే తన వేళ్లు ఆనించి, కాగితం పరిచి, పెన్సిలును పక్కకు వాల్చి మెల్లగా రుద్దింది. మొదటిసారి మసక తప్ప ఏమీ రాలేదు. రెండోసారీ రాలేదు. బిళ్లను గుడ్డలోనే బోర్లించి మూడోసారి రుద్దితే ఒక వీపు వచ్చింది. తర్వాత తోక. నాలుగు కాళ్లు. కింద ఒక నాలుగు, ఒక ఏడు.

కమలాక్షమ్మ ఒంగి చూసి, "నా సింహం" అంది మెల్లగా.

అనఘ పెన్సిలు ఆపింది. తల ఒక పక్కకు వంచి కాగితాన్ని చూసింది.

"అవ్వా, ఇది సింహం కాదు."

"మల్లా ఏందే?"

"జూలు యాడుంది? వారానికి నాలుగు సింహాలు గీస్తా, నాకు తెల్దా. ఒళ్లంతా సారలు సూడు. ఇది పులి."

మొదట లక్ష్మీనరసింహం నవ్వాడు. ముప్పై ఏళ్లు గుడి వంటింట్లో గంభీరంగా ఉన్న మనిషి గోడకు ఆనుకుని, పైపంచె నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. తర్వాత యోగానంద్. కమలాక్షమ్మ నవ్వలేదు. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఎండి అని చెప్పి ఇంకేందో కట్టినా. సింహమని చెప్పి పులిని కట్టినా. ఇరవై రెండేండ్లు ఒక మంచి మనిషిని దొంగంటి. నాయనా, స్వామి ఈ ముడుపు ఒప్పుకుంటాడా?" అని కొడుకును అడిగింది.

లక్ష్మీనరసింహం నవ్వు ఆపి ఆలోచనలో పడ్డాడు. స్వామికి ఏ పూట ఏ నైవేద్యమో ఆయనకు తెలుసు. ఈ సంగతి తెలియదు. పండితులను అడుగుదామని మొదలుపెట్టాడు.

"ఎవురినీ అడగొద్దు" అంది అనఘ. "స్వామి ఎప్పుడో ఒప్పుకున్యాడు అవ్వా. నేను మాట్లాడ్తాండా కదా."

ఆ ఇంట్లో ఇరవై రెండేళ్లుగా ఎవరికీ తట్టని మాట అది. మొక్కు ఫలించిన రోజే లెక్క తేలిపోయింది. తర్వాత అయస్కాంతం పట్టుకుని తిరిగింది మనుషులే. భక్తులు తెచ్చేదంతా స్వామి గీటురాయి మీద గీసి చూసుకుంటే అహోబిలం హుండీలో ఏమైనా మిగిలేదా అన్నది పెద్దవాళ్లు తేల్చాల్సిన విషయం.

సంగతి మద్దిలేటి దాకా పోయింది. ముసలివాడయ్యాడు గానీ వక్క మానలేదు. "ఎండి కాదని అప్పుడే చెప్పినా కదా. ఎండేనా? కాదు కదా" అని, తన తీర్పు నిలబడినందుకు సంతోషించాడు. యోగానంద్ మాత్రం తన పొరపాటును ఒప్పుకుంటూ కొత్త వీడియో పెట్టాడు. చూసేవాళ్లలో తొమ్మిది మంది తగ్గారు. తప్పు ఒప్పుకునే ఎక్స్‌పర్టును ఎవరు నమ్ముతారు.

స్వామివారి నక్షత్రమైన స్వాతి నాడు కమలాక్షమ్మ, కొడుకు, మనవరాలు అహోబిలం వెళ్లారు. గుడి ముందు యోగానంద్ అప్పటికే నిలబడి ఉన్నాడు. కమలాక్షమ్మ అతన్ని చూసీ చూడనట్టు లోపలికి నడిచింది. ముడుపును కళ్లకు అద్దుకుని హుండీలో వేసింది. ఖణేల్‌మని మోగలేదు. గుడ్డలో కట్టింది ఎట్లా మోగుతుంది.

లక్ష్మీనరసింహం తాను వండిన చక్కెరపొంగలి దొన్నెలో పెట్టి తెచ్చాడు. అలవాటు కొద్దీ అనఘ చెయ్యి చాచింది. కమలాక్షమ్మ ఆ చేతి మీద ఒకటి వేసి, దొన్నెకు ఆకు మూత పెట్టి, నంద్యాల బస్సు ఎన్నింటికని అడిగింది. దారిలో శిరివెళ్ల దగ్గర యోగానంద్ ధైర్యం చేసి పెళ్లి మాట ఎత్తబోయాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ, మొదలు బాకీ అంది. దొన్నెను మాత్రం రెండు చేతుల్తో పట్టుకునే ఉంది. బస్సు ఎగిరినప్పుడల్లా తాను పడ్డా ఫర్వాలేదన్నట్టు దాన్ని పైకి ఎత్తింది.

రంగమ్మ వాకిట్లో కూర్చుని దీపపు కుందులు తోముతోంది. ముందుగా కనబడ్డ మనవణ్ణి చూసి నీ బిళ్లలు ముట్టుకోలేదులే అంది. అతని వెనక ఉన్న మనిషిని చూసి తోమడం ఆపింది. కళ్లు చిట్లించి చాలాసేపు చూసింది. లేవలేదు, రమ్మనలేదు.

"రంగీ, చెయ్యి పట్టు" అంది కమలాక్షమ్మ.

"చెయ్యంతా చింతపండు."

"కడుక్కో. ఇన్నేండ్లు ఆగినావు, ఇంకొక నిమిషం ఆగలేవా."

రంగమ్మ చెంబు వంచుకుని చేతులు కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంటూ అనఘ వైపు గడ్డంతో చూపించి, మాట రానిది ఈ పిల్లేనా అని అడిగింది. అనఘ నోరు తెరిచింది. ఆ ఇంటి మిద్దె బాగుందన్నది, మోకాళ్లనొప్పులకు ఆముదం మంచిదన్నది, రాగి బిళ్లలు తోమడమే మంచిదన్నది. యోగానంద్ ఆ చివరి మాటకు ఏదో అనబోయి మానుకున్నాడు.

"సాలు సాలు" అంది రంగమ్మ. "నా రూపాయి బాగానే పనిచేసింది."

కమలాక్షమ్మ తల దించుకుంది. "నిన్ను దొంగంటి" అంది. అంతకు మించి ఆమెకు రాలేదు. తర్వాత అనఘను ముందుకు లాగి, "ఈ పిల్లను నీ ఇంటికే ఇస్తాండా. దీన్ని బాకీలో లెక్కెయ్యాకు. బాకీ ఇది" అని దొన్నె మీది ఆకు తీసింది.

రంగమ్మ కుడి అరచేయి చాచింది. కమలాక్షమ్మ వేళ్లతో చక్కెరపొంగలి తీసి, అందులో పెట్టింది. ఆ పొద్దు ప్రసాదంలో అదే మొదటి ముద్ద.

"ఇన్నేండ్లకు పాచిపోలేదు కదా?" అంది రంగమ్మ.

"తిని సూడు."

రంగమ్మ కళ్లకు అద్దుకుని నోట్లో వేసుకుంది. మెల్లగా నమిలింది. అరచేతికి అంటుకున్న నెయ్యిని నెత్తికి రాసుకుంది.

"జీడిపప్పు తక్కువేసినాడు నీ కొడుకు" అని, వాకిట్లో కుందులు పక్కకు జరిపి కమలాక్షమ్మకు దారి ఇచ్చింది. "తీరింది మే. లోపలికి రా."